అన్యదేశోద్యోగం – ఆంజనేయుని దౌత్యం

వైదిక కర్మ ఏదైనా సంకల్పంతోనే ఆరంభమవుతుంది. సంకల్పంలో కర్త తన కోరికను విన్నవించుకొనడానికి పూర్వమే, తాను నిలిచిన దేశాన్ని, తనకు లభించిన కాలాన్ని స్మరిస్తాడు. ద్వీపం, వర్షం, ఖండం, శ్రీశైలానికి ఏ దిక్కున ఉన్నదీ, ఏ నదుల మధ్య ఉన్నదీ, ఆపై సంవత్సరం, అయనం, ఋతువు, మాసం, పక్షం, తిథి, వారం, నక్షత్రం. ఇవన్నీ ఉచ్చరించిన పిమ్మటనే గోత్రనామాలు, ఆ పిమ్మటనే ఫలాపేక్ష. అనగా "నేను ఎవడను" అనే ప్రశ్నకంటె ముందు "నేను ఎక్కడ ఉన్నాను" అనే ప్రశ్నకు సమాధానం చెప్పుకొనవలెనని ఋషుల విధానం. ఈ క్రమంలో ఒక గొప్ప లోకజ్ఞానం ఇమిడి ఉన్నది.

1977లో అమెరికాలోని పిట్స్‌బర్గ్ నగరం చెంత శ్రీవేంకటేశ్వరస్వామి ఆలయం, న్యూయార్క్‌లోని ఫ్లషింగ్‌లో మహాగణపతి ఆలయం ప్రతిష్ఠితమైనప్పుడు, అక్కడికి వెళ్ళిన అర్చకులకు మొట్టమొదట ఎదురైన ధర్మసందేహాలలో ఇది ఒకటి. జంబూద్వీపం, భరతవర్షం అని చెప్పుకొంటూ వచ్చిన నాలుక అక్కడ ఏమని చెప్పవలెను? మంచు కురిసే ఆ నేలపై నిలిచి కృష్ణాకావేరుల మధ్యదేశంలో ఉన్నానని పలికితే సంకల్పమే అసత్యమవుతుంది. అందుచేత పౌరాణిక భూగోళాన్ని విచారించి, అమెరికాలోని పలువురు పురోహితులు క్రౌంచద్వీపమనీ, రమణకవర్షమనీ చెప్పుకొనే సంప్రదాయాన్ని ఏర్పరచుకొన్నారు. దేశనామం మారినది. సంకల్పవిధి మారలేదు. కర్మకు లోపం రాలేదు సరికదా, దేశాన్ని సత్యంగా చెప్పినందువలననే కర్మ నిలిచినది.

పరాయి సంస్కృతుల నడుమ ఉద్యోగం చేయవలసి వచ్చిన ప్రతి ఒక్కరికీ ఎదురయ్యే ప్రశ్న సారాంశంలో ఇదే. దేనిని మార్చుకొనవచ్చును? దేనిని మార్చుకొనరాదు? మార్చుకొనదగినదానిని పట్టుకొని వ్రేలాడితే ఉద్యోగం చెడుతుంది. మార్చుకొనరానిదానిని విడిచిపెడితే మనిషే చెడిపోతాడు.

గండి క్షేత్రానికి వచ్చే ప్రశ్నలు

కడప సీమలోని వేంపల్లెకు సమీపంలో పాపఘ్నీనది కొండలను చీల్చుకొని ప్రవహించే చోటు గండి. అక్కడ వెలసిన వీరాంజనేయస్వామి దర్శనానికి శ్రావణమాసపు శనివారాలలో వేలాది భక్తులు వస్తారు. స్థలపురాణం ప్రకారం, వాయుదేవుడు తపస్సు చేసిన ఈ తావున శ్రీరామచంద్రుడు విడిది చేసి, తన బాణపుమొనతో శిలపై ఆంజనేయుని రూపాన్ని రేఖామాత్రంగా లిఖించాడు. చిటికెనవ్రేలు ఒక్కటి మిగిలిపోయినది. తరువాతి కాలంలో శ్రీవ్యాసరాయలవారు ఆ రూపానికి ఉలిపని చేయించినప్పుడు, చిటికెనవ్రేలిని తాకగానే రక్తం చిమ్మినదనీ, అందుచేత దానిని అట్లే విడిచిపెట్టారనీ పెద్దలు చెప్పుకొంటారు. సేవకుడు యజమానిని కీర్తించిన క్షేత్రాలు లోకంలో అనేకం కలవు. యజమానియే తన సేవకుని రూపాన్ని స్వహస్తంతో చిత్రించిన క్షేత్రం ఇది. ఉద్యోగధర్మాన్ని విచారించుకొనడానికి ఇంతకంటె అనువైన సన్నిధి వెదకినా దొరకదు.

ఈ సీమ వర్షాభావపు సీమ. వేరుశనగ, చీనీతోటలు, ఎండిన బోర్లు, వాటికై చేసిన అప్పులు ఇక్కడి కుటుంబచరిత్రలు. అందుచేత ఈ ప్రాంతపు బిడ్డలు దూరదేశాలకు వెళ్ళడం విలాసం కొరకు కాదు. ఉమ్మడి కడప జిల్లానుండి, విశేషించి రాయచోటి, రాజంపేట ప్రాంతాలనుండి దశాబ్దాలుగా స్త్రీపురుషులు కువైట్ మొదలైన గల్ఫ్ దేశాలకు వెళ్ళి వాహనచోదకులుగా, వంటవారుగా, గృహసేవకులుగా పనిచేస్తున్నారు. మరొక వంక, 2008లో వేంపల్లె సమీపాన ఇడుపులపాయలో ట్రిపుల్ ఐటీ ఏర్పడిన తరువాత, పదవ తరగతిలో మంచి మార్కులు సాధించిన పల్లెపిల్లలు ఆరేండ్ల చదువు ముగించి బెంగుళూరుకు, హైదరాబాదుకు, అక్కడనుండి ఖండాంతరాలకు వెళుతున్నారు.

బయలుదేరే ముందు పాస్‌పోర్టును స్వామి పాదాల చెంత ఉంచి ఆకుపూజ చేయించుకొనేవారు చాలమంది. అప్పటి కోరిక ఒక్కటే, వీసా రావలెను. ఏడాది గడిచిన తరువాత వారి తల్లిదండ్రులు వచ్చి అడిగే ప్రశ్నలు వేరు. "మావాడు అక్కడ ఇమడలేకుండా ఉండాడు" అని ఒక తల్లి. "మావాడు అక్కడ బాగానే ఇమిడినాడు, ఇంటికొస్తే ఇక్కడ ఇమడలేకుండా ఉండాడు" అని మరొక తండ్రి. ఈ రెండు వాక్యాలలోనే విషయమంతా ఉన్నది.

ఒక యువకుని వృత్తాంతం

వేంపల్లె చెంతనున్న ఒక పల్లెలో చీనీతోట గల రైతుకుటుంబం. ఆ యింటి బిడ్డ ఇడుపులపాయలో చదివి, బెంగుళూరులో మూడేండ్లు పనిచేసి, నెదర్లాండ్స్ దేశంలోని ఒక కార్యాలయానికి పంపబడ్డాడు. తెలివిగలవాడు, వినయశీలి, పెద్దల ఎదుట కూర్చొనడానికి కూడ సంకోచించే స్వభావం కలవాడు. అక్కడ పై అధికారి ఒకనాడు, "ఈ పని శుక్రవారానికి పూర్తి కాగలదా?" అని అడిగినాడు. కాదని యువకునికి తెలుసు. అయినను పై అధికారి ముఖం చూచి "కాదు" అనడానికి నోరు రాలేదు. "ప్రయత్నిస్తాను" అన్నాడు. కడప సీమలో పెద్దల ముందు "ప్రయత్నిస్తాను" అంటే, "కష్టమే, తమరు గ్రహించండి" అని అర్థం. ఆ దేశంలో ఆ మాటకు "చేస్తాను" అనియే అర్థం. శుక్రవారం వచ్చినది. పని కాలేదు. ఆ అధికారి పదిమంది సమక్షంలో, కోపం లేకుండా, గొంతు పెంచకుండా, "నీవు చెప్పినది జరుగలేదు, మాకు నష్టం కలిగినది, ముందే ఎందుకు చెప్పలేదు?" అని అడిగినాడు.

ఆ ప్రశ్నలో ద్వేషం లేదు. కాని పదిమందిలో అడిగిన ప్రశ్న యువకునికి గుండెలో గునపమైనది. పెద్దవాడు పదిమందిలో తప్పు ఎంచడమంటే ఊరిలో రచ్చబండ మీద నిలబెట్టడమే. రాత్రులు నిద్ర పట్టలేదు. ఉద్యోగం మానివేసి వచ్చేస్తానని ఇంటికి ఫోను చేశాడు. ఇంటిలో నాలుగు బోర్లు వేయించిన అప్పు ఉన్నది, చెల్లెలి వివాహం ఉన్నది. తల్లి దిష్టి తగిలినదని భయపడి గండికి వచ్చి మ్రొక్కుకొన్నది. తండ్రి మౌనంగా ఉండిపోయాడు.

ఆ యింటి పెద్ద, యువకుని జేజినాయన, చదువుకొన్నవాడు కాడు. కాని ఏండ్ల తరబడి సుందరకాండ పారాయణం విన్నవాడు. ఫోను తీసుకొని ఒకే మాట అడిగినాడు. "అబ్బీ, ఆంజనేయుడు లంకనుంచి తిరిగొచ్చి రాములవారికాడ మొట్టమొదట ఏం చెప్పినాడురా? సముద్రం దాటిన గొప్పలా? ఊరు కాల్చిన గొప్పలా?" యువకునికి జవాబు తెలుసు. హనుమంతుడు ముందుగా సీతాదర్శనవార్తను చెప్పాడు. తల్లి జీవించి ఉన్నదన్న ఒక్క విషయం చెప్పి, ఆ పిమ్మటనే విస్తరించాడు. "ఏది ముఖ్యమో అది ముందు చెప్పల్ల. మంచైనా చెడైనా. పెద్దాయన కాడ నోరు మూసుకోవడం వినయం కాదు నాయనా, ఆయప్పను చీకట్లో పెట్టినట్ల" అన్నాడు వృద్ధుడు.

ఆ మాట శాస్త్రసమ్మతమే. రావణుని సభలో ప్రియం పలికినవారు ఎందరో కలరు. హితం పలికినవారు మారీచుడు, విభీషణుడు, మాల్యవంతుడు మొదలైన కొందరే. ప్రభువు వినినా వినకున్నా, అప్రియమైన సత్యాన్ని సకాలంలో చెప్పడం సేవకుని ధర్మమని రామాయణం పదే పదే నిరూపించినది. కనుక నెదర్లాండ్స్ అధికారి కోరినది పరధర్మం కాదు. మన ఇతిహాసంలోనే ఉన్న, మనం ఆచారపు మర్యాద చాటున మరచిపోయిన ధర్మాన్నే ఆయన కోరినాడు.

తరువాతి వారంలో అట్టి ప్రశ్నయే వచ్చినప్పుడు యువకుడు, "శుక్రవారానికి కాదు, మంగళవారానికి అవుతుంది, దీనికి కారణం ఇది" అని చెప్పాడు. చెప్పేటప్పుడు చేతులు వణకినవి. అధికారి "చాల మంచిది, కృతజ్ఞతలు" అని, తేదీ మార్చి వ్రాసుకొని వెళ్ళిపోయాడు. అంతకు మించి ఏమీ జరుగలేదు. ఏమీ జరుగకపోవడమే ఆ బిడ్డకు ఆశ్చర్యమైనది.

తిరిగి వచ్చినప్పుడు జరిగినది

కథ ఇక్కడ ముగిసి ఉంటే సులభంగా ఉండేది. రెండేండ్ల తరువాత ఆ యువకుడు సెలవుపై ఇంటికి వచ్చాడు. బంధువులు కూర్చొని ఉండగా తండ్రి చీనీతోట ప్రస్తావన తెచ్చాడు. యువకుడు లెక్క వేసి, "నాయనా, ఈ తోటలో అయిదేండ్లుగా నష్టమే. నువ్వు తీసుకొన్న నిర్ణయం తప్పు. అమ్మేయడం మంచిది" అన్నాడు. లెక్క సరియైనదే. మాట సత్యమే. కాని పదిమందిలో కుమారుని నోట "నీ నిర్ణయం తప్పు" అని విన్న ఆ తండ్రి, లేచి తోట వైపు నడిచిపోయాడు. రాత్రి భోజనానికి కూడ రాలేదు.

తనకు నెదర్లాండ్స్‌లో కలిగిన గాయాన్నే యువకుడు తెలియకుండా తండ్రికి కలిగించాడు. అక్కడ ధర్మమైన రీతి ఇక్కడ పరుషమైనది. మరునాడు తెల్లవారుజామున తండ్రి నీరు కట్టే వేళకు తోటకు వెళ్ళి, పాదులు సరిచేస్తూ, ఎవరూ లేని చోట మెల్లగా అదే లెక్కను మళ్ళీ చెప్పాడు. ఈసారి, "నువ్వేమంటావు నాయనా?" అనే ప్రశ్నగా చెప్పాడు. తండ్రి విన్నాడు. తోటలో సగం ఉంచి సగం తీసివేయాలని ఇద్దరూ కలిసి నిశ్చయించుకొన్నారు. సత్యం మారలేదు. దానిని చెప్పే దేశకాలాలు మారినవి.

బౌధాయనుని నిర్ణయం

ఈ సూక్ష్మాన్ని ధర్మసూత్రకారులు రెండువేల ఏండ్లకు పూర్వమే విచారించారు. బౌధాయన ధర్మసూత్రారంభంలో ఉత్తరదేశాచారాలకు, దక్షిణదేశాచారాలకు గల భేదాలు చెప్పబడినవి. ఉపనయనం కానివానితో కలిసి భుజించడం, భార్యతో కలిసి భుజించడం, పర్యుషితాన్నాన్ని భుజించడం, మేనమామ కుమార్తెను, మేనత్త కుమార్తెను వివాహమాడడం, ఈ అయిదు దక్షిణాది రీతులు. ఉన్నిని విక్రయించడం, మద్యపానం, రెండు వరుసల పండ్లు గల జంతువుల వ్యాపారం, ఆయుధజీవనం, సముద్రయానం, ఈ అయిదు ఉత్తరాది రీతులు. ఒక దేశపు ఆచారాన్ని మరొక దేశంలో ఆచరించినవాడు దోషి అవుతాడనీ, ఆయా దేశాలలో ఆయా దేశాచారమే ప్రమాణమనీ ఆయన పేర్కొన్నాడు. గౌతముడు దీనిని అంగీకరించలేదని కూడ అక్కడనే చెప్పాడు. అనగా శిష్టులలో సైతం ఈ విషయమై వాదం ఉన్నది. కులాచారం, దేశాచారం ఎంతవరకు ప్రమాణమనే చర్చ మన సంప్రదాయానికి కొత్త కాదు.

రాయలసీమవాసులు నేటికీ మేనరికాన్ని శుభంగా భావిస్తారు. వింధ్యకు ఆవలివారికి అది విస్మయం. ఒకరి శుభం మరొకరికి విస్మయం కాగలదని ఇంటిలోనే ఉదాహరణ కలవాడు, పరదేశీయుని భోజనమర్యాదను, పలకరింపును, ముక్కుసూటి మాటను చూచి "వీరికి సంస్కారం లేదు" అని తీర్పు చెప్పరాదు. బౌధాయనుని విచారణనుండి ఉద్యోగి గ్రహించవలసిన మొదటి పాఠం ఇది. రెండవ పాఠం, అక్కడి రీతిని అక్కడనే ఉంచి, ఇల్లు చేరినప్పుడు ఇంటి రీతిని ధరించడం.

సముద్రం మీద ముగ్గురు

ఎంతవరకు సర్దుకొనవలెనను ప్రశ్నకు సుందరకాండ ప్రథమసర్గ చక్కని కొలమానం. హనుమంతుని మార్గంలో ముగ్గురు ఎదురయ్యారు. మువ్వురితోను ఆయన ఒకే విధంగా వ్యవహరించలేదు.

మొదటివాడు మైనాకుడు. ప్రేమతో ఆతిథ్యమిచ్చిన మిత్రుడు. హనుమంతుడు ఆయనను తిరస్కరించలేదు, ఆగిపోనూ లేదు. చేతితో స్పృశించి, గౌరవించి, తన ప్రతిజ్ఞను తెలిపి సాగిపోయాడు. కార్యాలయంలో సహోద్యోగులు విందుకు పిలిచినప్పుడు, మాంసమద్యాలు ఉన్నవని ముఖం చిట్లించుకొని వెళ్ళకపోవడం ధర్మం కాదు. వెళ్ళి, వారితో కూర్చొని, ఫలరసం త్రాగి, "ఇది మా ఇంటి నియమం" అని చిరునవ్వుతో చెప్పి, వారి ఆనందాన్ని పంచుకొనడమే మైనాకస్పర్శ. నియమం గలవానిని లోకం గౌరవిస్తుంది. తన నియమంతో ఇతరులను కొలిచేవానిని దూరం పెడుతుంది.

రెండవది సురస. దేవతలు పంపిన పరీక్ష. తన నోటిలో ప్రవేశించి వెళ్ళవలెనని ఆమె నియమం. హనుమంతుడు యుద్ధం చేయలేదు. అంగుష్ఠమాత్రుడై, నియమాన్ని పాటించి, నమస్కరించి బయటికి వచ్చాడు. పరదేశపు చట్టాలు, కార్యాలయ నియమాలు సురస వంటివి. కువైట్‌లో రంజాన్ మాసంలో పగటివేళ బహిరంగంగా భుజించడం, నీరు త్రాగడం చట్టవిరుద్ధం. ఉపవాసం తనది కాకపోయినా, అక్కడ బండి నడిపే కడప జిల్లా డ్రైవరు ఎదుటివాని ఉపవాసాన్ని గౌరవించి చాటున దాహం తీర్చుకొంటాడు. ఇది అతనికి కష్టం కాదు. ఉగాదినాడు దేవుని కడపలో శ్రీవేంకటేశ్వరుని తమ బీబీ నాంచారి భర్తగా, ఇంటి అల్లునిగా తలచి టెంకాయలు సమర్పించే ముస్లిం కుటుంబాలను, అమీన్‌పీర్ దర్గాలో మ్రొక్కుకొనే హిందువులను చూచి పెరిగినవాడు అతడు. పరుల మర్యాదను పాటించే అభ్యాసం అతనికి విమానం ఎక్కకముందే అయినది. చిన్నవాడు కావడం అవమానం కాదని సురసావృత్తాంతం చెబుతున్నది. చిన్నవాడైనందుననే హనుమంతుడు దాటగలిగాడు.

మూడవది సింహిక. ఆమె ఎదురుగా రాదు, నీడను పట్టి లాగుతుంది. హనుమంతుడు ఆమెతో సర్దుకొనలేదు, సంహరించాడు. ఉద్యోగికి సింహిక ఎవరు? దొంగ లెక్క వ్రాయమని ఒత్తిడి, అబద్ధపు అనుభవపత్రం, వేతనం ఎగవేయడం, పాస్‌పోర్టును లాగుకొనడం, స్త్రీల పట్ల అగౌరవం. వీటిని "ఇక్కడి సంస్కృతి ఇంతే" అని సహించడం సర్దుబాటు కాదు, నీడను రాక్షసికి అప్పగించడం. ఏ దేశపు ధర్మమూ వీటిని సమర్థించదు. కువైట్ ప్రభుత్వమే 2015లో గృహకార్మికుల కొరకు ప్రత్యేక చట్టం చేసి, పనిగంటలకు పరిమితి, వారానికొక విశ్రాంతిదినం విధించినది, యజమాని పాస్‌పోర్టును తనవద్ద ఉంచుకొనరాదన్నది. ఇంటిపనికి వెళ్ళే కడప జిల్లా తల్లులు, చెల్లెళ్ళు ఈ విషయాన్ని బయలుదేరకముందే తెలిసికొనవలెను. భారత రాయబార కార్యాలయపు చిరునామాను రామనామంతోపాటు కంఠస్థం చేసికొనవలెను.

మైనాకుని సింహికగా భ్రమించి శత్రుత్వం పెట్టుకొనేవారు కలరు. సింహికను సురసగా భ్రమించి తల వంచేవారూ కలరు. ఎదురైనది ఈ ముగ్గురిలో ఎవరో గుర్తించడమే వివేకం.

ఏ భాషలో పలుకవలెను

అశోకవనంలో శింశుపావృక్షంపై కూర్చొని హనుమంతుడు చేసిన విచారణ ఉద్యోగులందరూ మననం చేయదగినది. తాను పండితుని వలె సంస్కృతంలో పలికితే, వానరరూపంలో వచ్చిన రావణుడే అని సీతమ్మ భయపడుతుంది. ఏమీ పలుకకుంటే ప్రాణత్యాగం చేస్తుంది. ఆమెకు పరిచితమైన మానుషభాషలో, ఆమెకు ప్రియమైన రామకథతో ఆరంభించాలని నిశ్చయించుకొన్నాడు. కిష్కింధ చెంత తొలి సమావేశంలో శ్రీరాముడే ఆయన వాక్కును వేదవ్యాకరణసంపన్నమని మెచ్చుకొన్నాడు. అంతటి పండితుడు, అవసరమైన చోట పాండిత్యాన్ని పక్కన ఉంచాడు. తనకు ఏమి వచ్చుననేది కాదు, ఎదుటివారికి ఏమి అందుననేది ఆయన ఆలోచన.

కడప సీమ చరిత్రలో ఈ సూత్రాన్ని పాటించిన పరదేశోద్యోగులు ఇద్దరు ప్రసిద్ధులు. నిజాము ఈ జిల్లాలను కంపెనీకి దత్తం చేసిన 1800లో ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో, స్కాట్లాండులోని గ్లాస్గోలో పుట్టినవాడు. 1807 వరకు ఈ ప్రాంతంలో గుడారాలలో బసచేస్తూ, ఊరూరు తిరిగి, పొలాలు కొలిపించి, రైతులతో స్వయంగా మాట్లాడాడు. తమ బిడ్డలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకొన్నవారు ఈ సీమలో ఉండేవారు. తిరుమలలో మన్రో గంగాళం నేటికీ ఆ పేరును మోస్తున్నది. గండిలో, రెండు కొండల నడుమ కట్టిన బంగారు తోరణం ఆయనకు కనిపించినదనీ, ఆ దర్శనం అంత్యకాలసూచకమనీ స్థానికుల ఐతిహ్యం. ఆయన 1827 జూలై 6న కర్నూలు సీమలోని పత్తికొండలో కలరా సోకి మరణించాడు. సీమ ప్రజలు ఒక పరదేశీయుని తమ ఐతిహ్యంలోనికి చేర్చుకొన్నారంటే, ఆయన తమవానివలె తమ మధ్య తిరిగినందుననే.

రెండవవాడు చార్లెస్ ఫిలిప్ బ్రౌన్. 1820లో కడపకు కలెక్టరు సహాయకుడై వచ్చాడు. ఉద్యోగానికి కావలసినంత తెలుగు నేర్చుకొని ఊరుకొనలేదు. కడపలో బంగళా కొని, పండితులకు స్వంత ధనంతో వేతనాలిచ్చి, అప్పులపాలై కూడ తాళపత్రగ్రంథాలను పరిష్కరింపజేశాడు. 1829లో వేమన పద్యాలను అచ్చువేయించాడు. 1852లో తెలుగు–ఇంగ్లీషు నిఘంటువును ప్రకటించాడు. ఆయన బంగళా ఉన్న చోటనే నేడు కడపలో బ్రౌన్ పేరిట భాషాపరిశోధనకేంద్రం కలదు.

ఇక్కడ సాధారణంగా విస్మరింపబడే విషయం ఒకటి ఉన్నది. బ్రౌన్ కొలువులో పనిచేసిన జూలూరి అప్పయ్య, వైద్యం అద్వైతబ్రహ్మయ్య మొదలైన పండితులు కూడ అన్యసంస్కృతిలో ఉద్యోగం చేసినవారే. నిష్ఠాపరులైన శాస్త్రజ్ఞులు ఒక ఆంగ్లేయుని వద్ద నెలజీతం పుచ్చుకొన్నారు. ప్రతులను పోల్చి పాఠభేదాలు గుర్తించే అతని పద్ధతికి అలవాటుపడ్డారు. తమ ఆచారాన్ని వదలలేదు, విద్యను దాచుకొనలేదు. దొర పండితుల వద్ద శిష్యుడయ్యాడు, పండితులు దొర వద్ద ఉద్యోగులయ్యారు. ఒకే గదిలో గురుత్వం, భృత్యత్వం చేతులు మారుతూ ఉండేవి. సర్దుబాటు ఒక పక్షమే చేస్తే అది లొంగుబాటు. ఉభయులూ చేసినందుననే అక్కడ నిఘంటువు పుట్టినది.

మారరానిది ఏది

రావణాంతఃపురంలో నిద్రిస్తున్న స్త్రీలను వెదుకుతూ చూడవలసి వచ్చినప్పుడు హనుమంతుడు ధర్మశంకకు లోనయ్యాడు. పరస్త్రీలను ఇట్లు చూడడం పాపం కాదా? స్త్రీని స్త్రీల మధ్యనే వెదకవలెను, వేరు మార్గం లేదు. ఇంద్రియాల ప్రవృత్తికి మనస్సే హేతువు, తన మనస్సు వికారం చెందలేదు. ఈ విధంగా విచారించుకొని సమాధానపడ్డాడు. గమనించవలసినది ఏమనగా, ఆయన శంకించాడు. ఆత్మపరీక్ష చేసికొన్నాడు. సర్దుకొనేవానికి ఈ శంక ఉండవలెను. ఏ రోజు ఏ శంకా కలుగదో ఆ రోజునుండి సర్దుబాటు జారుబాటవుతుంది.

కనుక మారదగినవి వేషం, భాష, పలకరింపు, కూర్చొనే తీరు, భోజనసమయం, మాట చెప్పే రీతి. మారరానివి సత్యం, అస్తేయం, చేసిన ప్రతిజ్ఞ, తల్లిదండ్రుల యెడ బాధ్యత, రోజులో ఒక్క క్షణమైనా పరమేశ్వరస్మరణ. అనుష్ఠానంలో సైతం దేశానుసరణం ఉన్నది. నెదర్లాండ్స్‌లో గ్రీష్మకాలాన రాత్రి పది గంటలకు గాని సూర్యుడు అస్తమించడు. అక్కడి సాయంసంధ్య అక్కడి సూర్యునిదే గాని, వేంపల్లె సూర్యునిది కాదు. ఏకాదశిని అక్కడి పంచాంగాన్నిబట్టి పాటించవలెను. అమెరికాలోని ఆలయాలలో ఉత్సవాలు భక్తుల వీలునుబట్టి శనివారానికో ఆదివారానికో జరుగుతున్నవి. వేంకటేశ్వరుడు, శివుడు, గణపతి ఒకే కప్పు క్రింద భిన్న ఆగమాలతో పూజలందుకొంటున్నారు. అక్కడి అర్చకులు తమిళునికి, గుజరాతీకి, అక్కడే పుట్టి ఆంగ్లమే తెలిసిన పసివానికి ఓపికతో అర్థం చెబుతున్నారు. ఇంటివద్ద ఏనాడూ అవసరపడని విద్యను వారు అక్కడ నేర్చుకొన్నారు. మంత్రం మాత్రం స్వరం తప్పలేదు.

దూరదేశంలో మొదటి ఏడాది గడుపుతున్న బిడ్డలకు, ఇంటివద్ద ఫోను కొరకు ఎదురుచూచే తల్లిదండ్రులకు గండి క్షేత్రం చెప్పే మాట ఇదే. ఆ శిలమూర్తిలో చిటికెనవ్రేలు అసంపూర్ణమే. అయినను స్వామికి పూజ లోటు లేదు. పరాయి నేలపై ఏ ఉద్యోగీ మొదటినాడే సంపూర్ణంగా ఇమడలేడు. కొంత ఎప్పటికీ ఇమడకుండానే మిగిలిపోతుంది. ఆ మిగిలినదానిని లోపమని బాధపడనక్కర లేదు. చేతులు వణకుతున్నా సత్యం చెప్పగలిగితే, అక్కడ నేర్చినదానిని ఇక్కడ, ఇక్కడ నేర్చినదానిని అక్కడ ఏ మేరకు వినియోగించవలెనో తెలిసికొంటే, దూతకార్యం నెరవేరినట్లే.

శ్రీ వీరాంజనేయస్వామి అనుగ్రహప్రాప్తిరస్తు. సర్వం శ్రీరామచంద్రార్పణమస్తు.